కర్త లేని వాక్యాలు: మన కళాశాలల్లో అమెరికా ప్రభుత్వ పాఠం

మన డిగ్రీ కళాశాలల్లో రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థికి అమెరికా ప్రభుత్వాన్ని పరిచయం చేసే పాఠం ఒకటి చాలాకాలంగా ఉన్నది. పాఠ్యక్రమం మారినప్పుడల్లా దాని పేరు మారుతుంది. ఒకసారి ‘ఆధునిక ప్రభుత్వాలు’ అంటారు, మరోసారి ‘తులనాత్మక ప్రభుత్వాలు’ అంటారు. సరుకు మాత్రం మారదు. లిఖిత రాజ్యాంగం, దృఢ రాజ్యాంగం, సమాఖ్య వ్యవస్థ, అధికార పృథక్కరణ, నిరోధ సమతౌల్యాలు, న్యాయసమీక్ష, అధ్యక్ష తరహా పాలన. ఈ ఏడు శీర్షికల కింద ఏడు పేరాలు వ్రాసినవాడికి మార్కులు పడతాయి. విద్యార్థి వాటిని వల్లెవేస్తాడు, పరీక్షలో అప్పజెపుతాడు, హాలు దాటగానే మరిచిపోతాడు. మరిచిపోయాడని అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆ ఏడు పేరాలలో ఒక్క మనిషీ లేడు. మనిషి లేని కథ ఎవరికి గుర్తుంటుంది?

తెలుగు చెప్పుకునేవాడికి రాజనీతిశాస్త్రంతో ఏం పని అని మిత్రులు అడగవచ్చును. ఈ పాఠం తెలుగులో వ్రాసి ఉన్నది గనుక పని ఉన్నది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, పై చదువులు తెలుగులో సాగాలన్న ఆశయంతో పాఠ్యగ్రంథాలు వేయించడం మొదలుపెట్టిన తరువాత శాస్త్రాలకు పరిభాష కుదిరింది. అది గొప్ప పనే, కాదనను. కాని పరిభాష కుదిరినంత మాత్రాన భాష కుదరదు. కథకుని వాక్యాన్నీ, కవి పదాన్నీ పట్టి పట్టి చూసే మనం, ఏటేటా వేలమంది పిల్లలు కంఠస్థం చేసే ఈ వచనాన్ని ఆ కన్నుతో చూడవలసినంతగా చూడలేదు.

చూస్తే మొదట కంటబడేది ‘బడు’. బానిసత్వం రద్దు చేయబడినది. నల్లవారికి ఓటుహక్కు కల్పించబడినది. స్త్రీలకు ఓటు ఇవ్వబడినది. అధ్యక్షునికి విశేషాధికారాలు సంక్రమింపజేయబడినవి. ఇదీ పాఠం వరస. కర్మణి ప్రయోగం తెలుగు నుడికారానికి అంతగా సరిపడదని వ్యాకరణం చదివినవారికి తెలుసు. చదవనివారికి ఇంకా బాగా తెలుసు. నల్లపాడు పొలాల్లో ఏ కూలిమనిషీ ‘పత్తి తీయబడినది’ అనదు. ‘పొద్దుననగా దిగి సాయంత్రం దాకా పత్తి తీశాం’ అంటుంది. ‘ఆసామి ఇంకా కూలి డబ్బులు ఇయ్యలేదు’ అంటుంది. పని చేసిందెవరో, డబ్బు ఎగబెట్టిందెవరో ఆమె వాక్యంలో స్పష్టంగా ఉన్నది. కర్తను దాచిపెట్టే అవసరం ఆమెకు లేదు. ఆ అవసరం ఉన్నవారి వచనంలోనే ‘బడు’ వర్ధిల్లుతుంది.

ఇది ఇంగ్లీషు వాక్యాన్ని మక్కికి మక్కి దించడం వల్ల వచ్చిన తెగులేనని సరిపెట్టుకోవచ్చును. కొంతవరకు అంతే. కాని ఈ దాపరికం మూలంలోనే ఉన్నది.

1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో 55 మంది ప్రతినిధులు తలుపులు మూసుకొని ఆ రాజ్యాంగాన్ని వ్రాశారు. చివరకు 39 మంది సంతకాలు చేశారు. బానిసల యజమానులు వారిలో చాలామందే ఉన్నారు. వారు వ్రాసిన మూలపాఠంలో ‘బానిస’ అన్న మాట ఎక్కడా లేదు. బానిసత్వం మాత్రం మూడు చోట్ల ఉన్నది. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలో తేల్చేటప్పుడు స్వతంత్రులను పూర్తిగానూ, ‘ఇతర వ్యక్తుల’ను అయిదింట మూడు వంతులుగానూ లెక్కగట్టాలన్నారు. కొన్ని రాష్ట్రాలు లోపలికి రానివ్వదలచిన ‘వ్యక్తుల’ దిగుమతిని 1808 దాకా కాంగ్రెసు నిషేధించరాదన్నారు. పనికి కట్టుబడిన ‘వ్యక్తి’ మరో రాష్ట్రానికి పారిపోతే పట్టి అప్పగించాలన్నారు. మూడుచోట్లా వ్యక్తులే! చట్టానికి సంబంధించినంతవరకు ఇంత సుతారమైన ధ్వనికావ్యం మరొకటి ఉన్నదో లేదో నాకు తెలియదు. మన ఆలంకారికులు చూస్తే మెచ్చుకునేవారు. ‘బానిసత్వం’ అన్న మాట ఆ రాజ్యాంగంలో బాహాటంగా కనిపించింది 1865లో, దాన్ని రద్దు చేసిన 13వ సవరణలోనే.

‘మూడైదవ వంతు’ సంగతి మన పాఠాల్లో ఉంటే ఒక వాక్యంగా ఉంటుంది. ఉన్నచోట కూడా నల్లవాడిని మనిషిలో మూడైదవ వంతుగా అవమానించారన్న ధోరణిలో ఉంటుంది. అవమానం నిజమే, కాని అసలు కీలకం లెక్కలో ఉన్నది. ఒక రాష్ట్రంలో లక్షమంది బానిసలుంటే, సీట్ల లెక్కకు వారు 60,000 మంది జనం. ఆ 60,000 మంది పేరున వచ్చిన సీట్లకు ఓటు వేసేది వారు కాదు, వారి యజమానుల సమాజం. అంటే పొలంలో ఎంత ఎక్కువమందిని బంధిస్తే శాసనసభలో అంత బలం. యజమాని లెక్కలో మనిషి రెండుసార్లు పనికివచ్చాడు, ఒకసారి పత్తిలో, మరోసారి ఓటులో.

అధ్యక్షుని ఎన్నికకూ ఈ లెక్కే ప్రాకింది. ఒక్కొక్క రాష్ట్రానికి ప్రతినిధుల సభలో ఉన్న సీట్లు, సెనేట్‌లోని రెండు సీట్లు కలిపి అన్ని ఎలక్టోరల్ ఓట్లు. ప్రజలే నేరుగా ఎన్నుకుంటే దక్షిణాదికి తన బానిసల లెక్క అక్కరకు రాదన్న సంగతిని ఆ సభలోనే మాడిసన్ ప్రస్తావించాడు. రాజ్యాంగం అమలైన మొదటి 36 సంవత్సరాలలో 32 సంవత్సరాలు అధ్యక్ష పీఠం మీద కూర్చున్నది వర్జీనియావారే: వాషింగ్టన్, జెఫర్సన్, మాడిసన్, మన్రో. నలుగురూ బానిసల యజమానులే. మన విద్యార్థికి మాత్రం ఎలక్టోరల్ కాలేజి అంటే మొత్తం 538, గెలవడానికి 270 అన్న రెండు అంకెలు. 2000లోనూ, 2016లోనూ దేశం మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థి అధ్యక్షుడయ్యాడు. ఇదెలా జరిగిందని తరగతిలో ఒకడు అడిగితే ‘అది వారి పద్ధతి’ అని జవాబు. ఎవరి పద్ధతి? ఎవరికోసం పెట్టిన పద్ధతి?

ఈ ప్రశ్నను అమెరికాలోనే ఛార్లెస్ బియర్డు 1913లో అడిగాడు. రాజ్యాంగ నిర్మాతల ఆస్తిపాస్తులూ, వారి చేతిలోని ప్రభుత్వ రుణపత్రాలూ వారి రాజ్యాంగాన్ని ఎలా నడిపించాయో చూపడానికి ప్రయత్నించాడు. ఆయన లెక్కలు చాలా చోట్ల నిలవవని 1950లలో అక్కడి చరిత్రకారులు చూపారు. మనం దాన్ని దాచవలసిన పని లేదు. ప్రశ్న వేసే ధైర్యం మాత్రం ఆయనది. మన పాఠానికి ఆ ప్రశ్న ఇంకా చేరలేదు.

ఇక పత్తి సంగతి. గుంటూరు సీమలో కూర్చుని అమెరికా ప్రభుత్వాన్ని పత్తి ఊసు లేకుండా చెప్పడమంటే, కృష్ణ ఊసెత్తకుండా డెల్టాను వర్ణించినట్లే. 1793లో ఎలై విట్నీ గింజ తీసే యంత్రం తయారుచేశాడు. దూదికి గిరాకీ పెరిగింది, దానితో బానిసల ధరా పెరిగింది. 1860 నాటికి అక్కడ దగ్గర దగ్గర 40 లక్షలమంది బానిసలున్నారు. మిసిసిపీ, దక్షిణ కరోలినా రాష్ట్రాల్లో జనాభాలో సగానికి మించి వారే. అలబామాలో ‘బ్లాక్ బెల్ట్’ అన్న పేరు మొదట మట్టి రంగును బట్టి వచ్చినదే. మన నల్లరేగడి మాటే అది. ఆ మట్టిలో పండిన దూది బ్రిటిషు మిల్లులకు నాలుగింట మూడు వంతులకు పైగా ముడిసరుకు. 1861లో అంతర్యుద్ధం వచ్చి దక్షిణాది రేవులు మూతపడగానే లాంకషైర్ మగ్గాలు ఆగాయి. మిల్లుదొరల చూపు ఇండియా మీద పడింది. ఇక్కడ పత్తి ధర ఆకాశానికి ఎగిరింది. అప్పటికి గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. ఈ సీమ ఎర్రదూది కాకినాడ రేవు పేరు మీద ‘కోకనాడాస్’గా బజారు కెక్కింది. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. షావుకారు తన రొక్కం మళ్లించుకోగలిగాడు, రైతు తన పొలాన్ని మళ్లించుకోలేకపోయాడు. మిసిసిపీ బానిసకూ, ఇక్కడి రైతుకూ మధ్య ఒక నూలుపోగు ఉన్నదని చెప్పడానికి కవిత్వం అక్కరలేదు, ఎగుమతి లెక్కలు చాలు.

ఇప్పుడు ‘బానిసత్వం రద్దు చేయబడినది’ అన్న వాక్యాన్ని మళ్లీ చూద్దాం. ఎవరు రద్దు చేశారు? లింకన్ అని విద్యార్థి అంటాడు. లింకన్ పాత్ర చిన్నదేమీ కాదు. కాని యుద్ధం మొదలవగానే పొలాలు వదిలి ఉత్తరాది సేనల వైపు నడిచిన బానిసలెందరు! ఆ నడకను ఒక సార్వత్రిక సమ్మెగా 1935లోనే డబ్ల్యు.ఇ.బి. డుబోయ్ నిరూపించబూనాడు. దాదాపు 1,80,000 మంది నల్లవారు ఉత్తరాది సైన్యంలో తుపాకి పట్టారు. మగ్గాలు ఆగి పస్తులుండి కూడా మాంచెస్టరు కార్మికులు 1862 డిసెంబరులో సభ చేసి లింకన్‌కు మద్దతు పలికారు. 1864లో అంతర్జాతీయ కార్మిక సంఘం తరఫున ఆయనకు అభినందన లేఖ వ్రాసింది కార్ల్ మార్క్స్. మన దేశంలో జోతిరావ్ ఫూలే 1873లో వెలువరించిన ‘గులాంగిరి’ని బానిస విమోచనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఇంతమంది కర్తలను ఒక్క ‘బడు’ మింగేసింది.

15వ సవరణ 1870లో వచ్చింది. జాతి, రంగు, పూర్వపు బానిసత్వం కారణంగా ఓటు నిరాకరించరాదన్నది. ‘ఓటుహక్కు కల్పించబడినది’ అని పాఠం ముగిస్తుంది. అసలు కథ అక్కడే మొదలవుతుంది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం వ్రాసుకున్నది. అందులో జాతి మాట లేదు, రంగు మాట లేదు. తలపన్ను కట్టాలి, రాష్ట్ర రాజ్యాంగంలో ఏదైనా ఒక భాగాన్ని చదవగలగాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చేసుకోవాలి, లేదా తగిన వ్యాఖ్యానం చెప్పాలి. అంతే. ఆ వ్యాఖ్యానం తగినదా కాదా అని తేల్చేది ఓటర్ల జాబితా వ్రాసే తెల్ల గుమాస్తా. టీకా తాత్పర్యాలు చెప్పడం వృత్తిగా బ్రతికే మనబోటివారికి ఇది ఒళ్లు జలదరించే విషయం. సందర్భసహిత వ్యాఖ్యను మనం మార్కులకు వాడుకుంటాం. వారు మనిషిని పౌరసత్వం నుండి వెళ్లగొట్టడానికి వాడుకున్నారు.

1962 ఆగస్టు 31న మిసిసిపీలోని సన్‌ఫ్లవర్ కౌంటీలో పద్దెనిమిది మంది ఒక పాత బస్సెక్కి ఇండియనోలా పట్నం వెళ్లారు, ఓటర్లుగా చేరడానికి. వారిలో ఫానీ లూ హేమర్ ఒకరు. వయసు 44. ఆరేళ్ల పిల్లగా పత్తిచేలో దిగిన మనిషి. ఒకే ఎస్టేటులో 18 ఏళ్లుగా పనిచేస్తున్నది. గుమాస్తా ఆమెకు రాష్ట్ర రాజ్యాంగంలో ‘డీ ఫాక్టో’ చట్టాలను గురించిన భాగం ఇచ్చి, వ్యాఖ్యానించమన్నాడు. లాటిన్ మాట. ఆమె చెప్పలేకపోయింది. ఇల్లు చేరేసరికి ఎస్టేటు యజమానికి కబురు ముందే అందింది. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఇల్లు ఖాళీ చెయ్యి అన్నాడు. ఆ రాత్రే ఆమె ఇల్లు విడిచింది. 1963 జనవరిలో, మూడవ ప్రయత్నంలో, ఆ పరీక్ష నెగ్గింది. ఆ సంవత్సరమే ఒక జైలులో ఆమెను చావగొట్టారు. 1964 ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో జరిగిన డెమొక్రాటిక్ పార్టీ మహాసభకు వచ్చి, అధికార పత్రాల సంఘం ముందు ఈ సంగతులన్నీ చెప్పింది. టెలివిజన్ కెమెరాలను అటునుండి తిప్పడానికి అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు పత్రికా సమావేశం పెట్టాడు. ఐనా ఆ రాత్రి వార్తల్లో దేశమంతా ఆమె మాటలు విన్నది. మరుసటి ఏడాది, 1965లో, ఓటుహక్కుల చట్టం వచ్చింది. 2013లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో ఆ చట్టంలోని ఒక ముఖ్యమైన కోరను పీకివేసింది.

ఈ ఒక్క కథలో సమాఖ్య ఉన్నది, రాష్ట్రాల హక్కులున్నవి, పార్టీ వ్యవస్థ ఉన్నది, న్యాయసమీక్ష ఉన్నది, అధ్యక్షుడున్నాడు. ఏడు శీర్షికలూ వచ్చి ఒక పత్తికూలీ గడప ముందు నిలబడ్డాయి. మన విద్యార్థినులలో సెలవురోజున తల్లితోపాటు పత్తితీతకో, మిరపకాయ కోతకో వెళ్లేవారున్నారు. వారికి ఈ పాఠం ఇలా చెబితే గైడు పుస్తకం కావాలా?

అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగులోకి తెచ్చారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. బానిసత్వం అంటే ఏమిటో తెలిసిన మన విద్యార్థికి అది ఆ పుస్తకం ద్వారానే తెలిసింది తప్ప రాజనీతి పాఠం ద్వారా కాదు. నవల శాస్త్రం పని కూడా చేయవలసి రావడం నవలకు గౌరవమే, శాస్త్రానికి మాత్రం కాదు.

ఇక మనవారి సంగతి. అభ్యుదయ భావాలున్న అధ్యాపకుల్లో కొందరికి ఈ పాఠం అంటే చులకన. అంతా బూర్జువా ప్రజాస్వామ్యమే గదా, రెండు ముక్కల్లో తేల్చి ముందుకు పోదాం అంటారు. ఈ ధోరణితో నాకు పేచీ ఉన్నది. ‘బూర్జువా’ అన్న విశేషణం ఒక విశ్లేషణకు ఫలితంగా రావాలి, విశ్లేషణకు బదులుగా కాదు. అది మోసమని రెండు ముక్కల్లో తేల్చేవాడూ, అది ఆదర్శమని ఏడు పేరాల్లో పొగిడేవాడూ ఒకే పని చేస్తున్నారు. ఇద్దరూ పాఠాన్ని చదవడం లేదు. మార్క్స్ ఆ తేలిక మార్గం పట్టలేదు. 1861–62లలో వియన్నా పత్రికకు అమెరికా యుద్ధం గురించి వ్యాసం మీద వ్యాసం వ్రాశాడు. అంబేడ్కర్ కొలంబియాలో చదివి వచ్చి, 1946లో డుబోయ్‌కి ఉత్తరం వ్రాశాడు. యజమానులు తమకోసం వ్రాసుకున్న కాగితాన్ని హేమర్ చింపి పారవెయ్యలేదు. అందులో తన పేరు ఎక్కించమని పట్టుబట్టింది.

మన సీమ మనిషే ఒకరున్నారు. కనిగిరి ప్రాంతపు దరిశి చెంచయ్య 1912లో అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలో చదువుకుంటూ గదర్ పార్టీలో చేరారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పట్టుబడి బ్రిటిషు జైళ్లలో సంవత్సరాలు గడిపారు. ‘నేనూ – నా దేశం’ అన్న ఆయన ఆత్మకథ తెలుగులో ఉన్నది. స్వేచ్ఛకు పుట్టిల్లని పేరున్న దేశంలోనే, 1917–18లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ వీరుల మీద అమెరికా ప్రభుత్వం అభియోగం నడిపింది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు ‘తెల్లవారు’ కారు గనుక పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946 దాకా ఆ తలుపు మూసే ఉన్నది. అమెరికా ప్రయాణపు కలలు కనే నేటి మన పిల్లలకు ‘న్యాయసమీక్ష’ ఈ కేసుతో చెప్పాలి.

నేటి సంగతి వచ్చింది గనుక చెబుతాను. పన్నులూ సుంకాలూ విధించే అధికారం కాంగ్రెసుదని రాజ్యాంగం మొదటి అధికరణమే చెబుతున్నది. 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది కాంగ్రెసు కాదు; 1977 నాటి ఒక అత్యవసర చట్టం పేరు చెప్పి అధ్యక్షుడు. ఈ అధికారం అతనికి ఉన్నదా లేదా అన్న తగాదా ఆ నవంబరులో సుప్రీంకోర్టు ముందు వాదనకు వచ్చింది. ఇటు మన కేంద్ర ప్రభుత్వం, మిల్లులకు దూది చౌకగా దొరకాలని, దిగుమతి పత్తి మీది 11 శాతం సుంకాన్ని ఆగస్టు 19న ఎత్తివేసి, ఆ ఎత్తివేతను డిసెంబరు చివరిదాకా పొడిగించింది. సరిగ్గా మన పత్తి ఇళ్లకు చేరే నెలలు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అన్నది కూడా అధ్యక్షుని ప్రకటనే. ఒకే ఇంట్లో పత్తి అమ్ముకునే తండ్రి, వీసా కోసం చూసే కొడుకు ఉన్న ఊళ్లు మనవి. ఆ ఇంటివాడికి ‘అధికార పృథక్కరణ’ను మాంటెస్క్యూ పేరుతో మొదలుపెట్టి, మాంటెస్క్యూ పేరుతోనే ముగించడం అన్యాయం.

సాధనాలు లేవనడానికి వీల్లేదు. 1964లోనే హైదరాబాదులో, ఉస్మానియా ప్రాంగణంలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. ప్రచ్ఛన్నయుద్ధపు రోజుల్లో అమెరికా ఆ ఖర్చు ఎందుకు పెట్టుకున్నదో వేరే చెప్పనక్కరలేదు. ఐనా పుస్తకం పుస్తకమే. 1962 నుండి పి.ఎల్. 480 గోధుమల అమ్మకపు రూపాయలతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తెలుగు పుస్తకాలు కూడా కొని అమెరికా గ్రంథాలయాలకు పంపింది. మన పుస్తకాలు వారు పోగుచేసుకున్నారు. వారి రాజ్యాంగ చరిత్రను మనం తెలుగులోకి తెచ్చుకోలేదు.

అందుకు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. 1787 నాటి ఆ మూడు నిబంధనలు, మాడిసన్ టిప్పణుల్లో బానిసల లెక్క గురించిన చర్చ, 13, 14, 15 సవరణలు, 1890 నాటి మిసిసిపీ నిబంధన, థిండ్ తీర్పులోని ముఖ్యభాగం, 1964 నాటి హేమర్ వాంగ్మూలం. ఈ పత్రాల తెలుగు అనువాదం, అవసరమైన వివరణలతో కలిపి, ఒక చిన్న పుస్తకానికి మించదు. మన పత్రిక ఒక సంచికలో సగం కేటాయించినా సరిపోతుంది. రాజనీతి అధ్యాపకులు ఎంపిక చేసి, సందర్భం వ్రాసి ఇస్తే, తెలుగు శాఖలలో ఉన్నవారం అనువాదం చూసుకుంటాం. పంచుకున్న భాగాలను వేసవి సెలవులలోగా పూర్తిచేయవచ్చును. ఒక్క షరతు పెట్టుకుందాం: మూలంలో కర్త దాగి ఉన్నచోట దాన్ని అలాగే దించి, పక్కనే అడుగున ఆ కర్త ఎవరో పేరుతో సహా వ్రాయాలి.